రెజ్యూమెలలో స్వభావోక్తి

గద్యరచనలలో మిగుల చిన్నదియు, మిగుల భయముతో వ్రాయబడునదియు నేది యని యడిగినచో రెజ్యూమె యని చెప్పవలసియుండును. ఒకటి రెండు పుటలకు మించని యీ రచనను విమర్శకులు సాహిత్యముగా నెంచరు. కాని కావ్యము నెన్నడును విప్పని పట్టభద్రులున్నారు గాని, రెజ్యూమె వ్రాయనివారు మిక్కిలి యరుదు. ఒక కుటుంబము పదునైదేండ్లు వెచ్చించిన ధనమును, పెంచుకొన్న యాశయు నీ పుటపై నాధారపడియున్నవి. ఇట్టి రచనకు గుణదోషవిచారము వలదనుట న్యాయము గాదు.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును, కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును వెలసినవి. తాతతండ్రులు కళాశాల గడప త్రొక్కని యిండ్లనుండి యనేకులు పట్టభద్రులైరి. శ్రీసిటీలోని కర్మాగారములకును, బెంగుళూరు, చెన్నై నగరములలోని కార్యాలయములకును బంపుకొను పత్రములను వారు మాబోటి యుపాధ్యాయుల కడకు దిద్దించుకొనుటకై తెచ్చుచుందురు. వానిలో పదింటిని వరుసగా జదివినచో, పేరును మార్కులును దప్ప తక్కినదంతయు నొక్కటియే యని తోచును.

మొదట ‘ఆబ్జెక్టివ్’ అను శీర్షిక. దానిక్రింద, పేరుగల సంస్థలో జేరి సంస్థ యభివృద్ధికిని తన యభివృద్ధికిని బాటుపడుదునను వాక్యము. పిదప గుణకీర్తనము: కష్టపడి పనిచేయుదును, త్వరగా నేర్చుకొందును, పదుగురితో గలసి మెలగుదును. హాబీలు: పుస్తకపఠనము, సంగీతము వినుట. తుదకు, పై విషయములన్నియు సత్యములని ప్రమాణము. చిత్తూరు చెంతనున్న కట్టమంచివారైన రామలింగారెడ్డిగారు తమ ‘కవిత్వతత్త్వ విచారము’న, ప్రబంధములలో వర్ణనలు మితిమీఱిన తీరును ఖండించిరి. కథకు గావలసినను వలదనినను పురవర్ణనము, చంద్రోదయము, జలక్రీడ తప్పవన్నట్లు ప్రబంధకవి నడచెను. నేటి రెజ్యూమెయు నట్టి ప్రబంధమే. అందఱియందును సమానముగా నుండు వర్ణన యెవ్వనిని వర్ణింపదు.

ఇది సోమరితనము వలన గలిగిన దోషము గాదు. తమ బ్రదుకులో వ్రాయదగినదేదియు లేదను నమ్మకమే దీనికి మూలము. అందుచేత నొకడు మిత్రుని పత్రమును, వేఱొకడు ఇంటర్నెట్ సెంటరులోని మాదిరిని, నేడు మఱికొందఱు యంత్రము వ్రాసి యిచ్చినదానిని గైకొనుచున్నారు. మదనపల్లె చెంతనున్న పల్లెనుండి వచ్చిన యొక పట్టభద్రురాలి పత్రమున ‘అనుభవము: లేదు’ అని యుండెను. విచారింపగా, తల్లి సభ్యురాలుగానున్న పొదుపు సంఘమునకు మూడేండ్లుగా నామెయే లెక్కలు వ్రాయుచున్నది. నెలనెల బ్యాంకునకు బోయి వాయిదాలు గట్టి, పాసుపుస్తకములు సరిచూచుచున్నది. మామిడి కాపు దినములలో తోతాపురి కాయలను గుజ్జు ఫ్యాక్టరీకి దోలించి, తూకపు చీట్లతో రొక్కమును సరిపోల్చినదియు నామెయే. ఈమె కోరినది లెక్కల గుమాస్తా పని! తెలిసిన భాషలలో ఆంగ్లమును దెలుగును వ్రాసెను గాని, చిన్ననాటినుండి పలుకుచున్న యఱవమును వ్రాయలేదు. చెన్నైలోని యజమానికి ఆ యొక్క మాట యెంత విలువగలదో యామెకు దెలియదు. పల్లెలో జేసినది పనియేగాని యనుభవము గాదని యామెకు నేర్పినదెవరు? మన చదువులే.

దండి యలంకారములను వివరించుచు స్వభావోక్తిని మొదట నిలిపెను. ఉన్న వస్తువును ఉన్నట్లు కన్నులకు గట్టునట్లు చెప్పుటయే యలంకారమని దాని సారము. ‘బాధ్యతగలదానను’ అనుట కంటె ‘మూడేండ్లు లెక్క వ్రాసితిని’ అనుట బలమైనది. మొదటిది చదువరిని నమ్ముమని వేడును, రెండవది నమ్మించును.

క్రమము సైతము రచనలో భాగమే. 1482 ప్రాంతమున లియొనార్డో డా విన్చీ, మిలాను నేలుచుండిన లుడోవికో స్ఫోర్జాకు గొలువు గోరి యొక లేఖ సిద్ధపఱచెను. అందు సులువుగా మోయదగిన వంతెనలు, ఫిరంగులు మున్నగువానిని జేయగలనని వరుసగా జెప్పి, చిత్రలేఖనమును దుదకు బేర్కొనెను. యుద్ధభయముగల ప్రభువునకు ముందేమి కావలయునో యాతడెఱుగును. తన కొలువులో దనకేది ముఖ్యమని గాక, చదువరికేది యవసరమని యెంచి వ్రాసెను.

పెద్ద సంస్థలలో ముందుగా జదువునది మనుష్యుడు గాదు, సాఫ్ట్‌వేరు. ప్రకటనలోని పదములు లేనిచో పత్రము వెనుకబడునని కొందఱందురు. నిజమే. ప్రకటనలో నడిగిన విద్య తనకు వచ్చియున్నచో దానిని ఆ పేరుతోనే వ్రాయవలయును. సాఫ్ట్‌వేరును దికమకపెట్టు పట్టికలను, బొమ్మలను మానవలయును. కాని రానివిద్యను వచ్చునని వ్రాయుటయు, రొక్కమిచ్చి దొంగ యనుభవపత్రమును గొనుటయు వేఱు. అతిశయోక్తి కవికి జెల్లును, ఉద్యోగార్థికి జెల్లదు. ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే యది బయటపడవచ్చును. పడకున్నచో, పనిలో నిలిచినన్నాళ్ళు భయము వెన్నంటియుండును.

ఇంకొక దోషము సంఘమునకు సంబంధించినది. పూర్వకవి యవతారికలో గోత్రమును, వంశమును జెప్పుకొనెను. మన బయోడేటాలు నదే దారిని తండ్రి పేరు, మతము, కులము, పెండ్లియైనదో లేదో చెప్పుచున్నవి. ప్రభుత్వోద్యోగములలో మతము, కులము, లింగము, వంశము, జన్మస్థలము మున్నగువానినిబట్టి మాత్రమే భేదము చూపరాదని 1950నుండి యమలులోనున్న మన రాజ్యాంగపు 16వ అధికరణము శాసించుచున్నది. రిజర్వేషను గోరుచోట ధ్రువపత్రమును ఈయవలసినదే; అది వేఱు సంగతి. కాని ప్రైవేటు సంస్థకు బంపు పత్రమున నడుగకయే కులమును వ్రాయుట యేల? ఆడపిల్ల పెండ్లి సంగతికిని ఆమె లెక్కల నేర్పునకును సంబంధమేమి? అట్టి వివరములు గోరు యజమానులును ఈ దోషమున భాగస్వాములే.

చక్కని రెజ్యూమె లేని యుద్యోగమును సృజింపజాలదు. ఖాళీలు పదియై యర్జీలు వేయియైనచోట యోగ్యులును మిగిలిపోవుదురు. వారిని వ్రాత చాతగానివారని నిందించుట క్రూరము. అయినను ఇంటిలోని పెద్దలు చేయదగినది యొకటి కలదు. పిల్లలు పత్రము వ్రాయ గూర్చున్నప్పుడు ‘ఎన్ని మార్కులు?’ అని గాక, ‘ఏయే పనులు చేసితివి?’ అని యడుగుడు. వారు మఱచినవానిని జ్ఞాపకము చేయుడు. చేసిన పనిని సిగ్గుపడక, పెంచక, ఉన్నదున్నట్లు చెప్పుట వారికి రెజ్యూమెలోనే గాక పిదపను బనికివచ్చును.