ర్యాంకుల పట్టిక ఏమి చెప్పును? ఏమి చెప్పదు?

ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడగానే మన ఇండ్లలో వినవచ్చు ప్రశ్న ఒకటే: కంప్యూటర్ సైన్సు చదువుటకు ఏ కళాశాల మంచిది? సమాధానమునకై పలువురు కేంద్ర విద్యాశాఖ ఏటేట ప్రకటించు ర్యాంకుల పట్టికను తెరచుచున్నారు. నాలుగేండ్ల కాలము, తరచుగా ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్ము, ఆ ఒక్క అంకెపై ఆధారపడుచున్నవి. కావున ఆ అంకె ఎట్లు పుట్టినదో విచారింపవలసియున్నది.

ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అను ఈ విధానము 2015లో ఏర్పడినది. మొదటి పట్టిక 2016 ఏప్రిల్‌లో వెలువడినది. ఇందు ఐదు కొలమానములు గలవు. బోధన, అభ్యసనము, వనరులు అను వానికి 30 పాళ్లు, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితములకు 20, వివిధ ప్రాంతముల, వర్గముల విద్యార్థులకు చోటు కల్పించుటకు 10, ఆచార్యులలోను ఉద్యోగ సంస్థలలోను గల పేరునకు 10. ఇట్లు నూటికి వచ్చిన మొత్తమునుబట్టి వరుస నిర్ణయింతురు.

ఈ ప్రయత్నము మెచ్చదగినదే. ప్రకటనల ఆర్భాటమే గీటురాయిగా నుండు రంగములో, దరఖాస్తు చేసిన సంస్థలన్నిటిని ఒకే పద్ధతిలో కొలుచుట మేలు. అయినను కంప్యూటర్ సైన్సు చదువదలచిన విద్యార్థి ప్రశ్న వేరు, పట్టిక చెప్పు సమాధానము వేరు.

మొదటిది: ఇంజనీరింగు పట్టిక సంస్థ మొత్తమునకు సంబంధించినది. అందు శాఖలవారీ స్థానములు లేవు. సివిల్ శాఖ ఆచార్యుల పరిశోధన వ్యాసములును ఆ అంకెలో చేరును. ఒక మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదని చెప్పవచ్చును గాని, సంస్థ మొత్తమును చూచి ఒక శాఖలోని బోధన ఎట్టిదో చెప్పజాలము.

రెండవది: పాళ్ల పంపకము. ఉదాహరణకు రెండు కళాశాలలను ఊహింతము. మొదటి దానికి పై ఐదు అంశములలో వరుసగా నూటికి 60, 50, 60, 60, 40 వచ్చినవి. రెండవ దానికి 75, 15, 75, 60, 10 వచ్చినవి. లెక్క కట్టిన మొదటి దానికి 55, రెండవ దానికి 49 వచ్చును. బోధనలోను, పట్టభద్రుల ఫలితములలోను మిన్నయైన కళాశాల పట్టికలో వెనుకబడినది! పరిశోధన గొప్పదే, పరిశోధన చేయదలచినవారికి అది ముఖ్యమే. కాని మొదటి సంవత్సరమున ప్రోగ్రాము వ్రాయ నేర్చుకొను బాలునికి దాని పాలు ఎంతయో యోచింపవలెను.

మూడవది: బోధన అను శీర్షిక క్రింద లెక్కించునది విద్యార్థుల సంఖ్య, అధ్యాపకుల సంఖ్య, వారి అర్హతలు, వ్యయము మొదలగునవి. తరగతి గదిలో జరుగునది ఈ లెక్కకు అందదు. పైగా ఈ వివరములలో అధిక భాగము సంస్థలు తామే సమర్పించునవి.

అట్లని పట్టికను పారవేయనక్కరలేదు. పట్టికకంటె దానికి మూలమైన వివరములు ఎక్కువ ఉపయోగకరములు. వానిని సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉంచుచున్నవి. చేరినవారిలో ఎందరు నిర్ణీత కాలములో పట్టము పొందిరో అందు చూడవచ్చును. ఉద్యోగము పొందినవారి మధ్యస్థ వేతనమును అందే యుండును. మధ్యస్థమునకు సగటునకు గల భేదము గుర్తింపవలెను. ఐదుగురి వేతనములు 3, 3, 4, 4, 36 లక్షలైనచో సగటు 10 లక్షలు, మధ్యస్థము 4 లక్షలే. ప్రకటనలలో సగటు కనబడును; సామాన్య విద్యార్థికి దక్కునది మధ్యస్థమునకు దగ్గరగా నుండును.

శాఖకు సంబంధించిన సమాచారము వేరుగా వెదకవలెను. ఎన్.బి.ఏ. గుర్తింపు సంస్థ మొత్తమునకు గాక ఒక్కొక్క కోర్సునకు వేరుగా ఇచ్చునది; కంప్యూటర్ సైన్సునకు అది కలదా, ఏ సంవత్సరము వరకు కలదు అని విచారింపవలెను. 2024-25 నుండి ఒక శాఖలోని సీట్లపై నుండిన గరిష్ఠ పరిమితిని ఏ.ఐ.సి.టి.ఇ. సడలించినది. కావున సీట్లు పెరిగినచోట అధ్యాపకులును పెరిగిరా అని అడుగుట న్యాయము. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టములు బోధించువారెవరు, ప్రయోగశాలలో ప్రతి విద్యార్థికి ఒక కంప్యూటరు దొరకునా అని అక్కడ చదువుచున్నవారినే అడుగవలెను.

గుడ్డ కొలుచు గజముతో పాలు కొలువరాదు. ఇది గజము తప్పు కాదు. ఉపాధ్యాయులు పదవ తరగతి గణితములో మధ్యగతమును బోధించు దినమున రెండు కళాశాలల వేతన వివరములను నల్లబల్లపై వ్రాసి లెక్క చేయించినచో, విద్యార్థులు ర్యాంకును నమ్ముటకు ముందు దానిని చదువుట నేర్తురు.