పంపుకు కరెంటు ఎక్కడినుంచి?

నా కంప్యూటరుకు నీళ్ల పైపులు బిగించానని తెలిసి చూడడానికి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు, "కారితే ఎట్ల?" అని. మా కోడుమూరులో బోరు మోటర్లకు వైండింగ్ కట్టే చిన్నాయన ఒక్కరే వేరే ప్రశ్న వేశారు. పైపుల వంక చూడనైనా చూడలేదు. వంగి వైర్లు ఎటు పోతున్నాయో చూసి, "దీని మోటరుకు కరెంటు యాడ్నుంచి ఇచ్చినావప్పా?" అన్నారు. "వరండాలో ప్లగ్గు ఉంది కదా చిన్నాయనా, అక్కడినుంచే" అన్నాను. ఆయన తలూపి కాఫీ తాగి వెళ్లిపోయారు. అసలు ప్రశ్న అదేనని నాకు మే నెలలో తెలిసింది.

మా మేడమీది గదికి నాపరాళ్ల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో కూర్చోవడమే కష్టం. మా ఊరి మగ్గాల మీద నేను తీసే వీడియోలకు ఎడిటింగంతా అక్కడే. రెండరింగ్ మొదలైతే ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కలిసి 350 వాట్ల దాకా లాగుతాయి. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. మామూలు ఫ్యాన్లు ఆ వేడిని చిప్పు మీదనుంచి తీసి గదిలోకే వదులుతాయి. అంటే మే నెలలో గదిలో హీటరు పెట్టుకుని కూర్చున్నట్టే. అందుకని చిప్పుల మీద రాగి బ్లాకులు పెట్టి, గోడకు కన్నం వేసి, పైపులు వరండాలోకి లాగాను. రేడియేటరు, దానికి మూడు ఫ్యాన్లు, నీళ్ల డబ్బా, డబ్బా కింద పంపు అన్నీ వరండాలోనే ఉంటాయి. వేడి అక్కడే పోతుంది.

నీళ్లు పెడితే కంప్యూటరు ఫ్రిజ్జులా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. రేడియేటరు ఎంత పెద్దదైనా నీళ్లను చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు. బయట 42 డిగ్రీలుంటే నా పైపుల్లో నీళ్లు 50 దగ్గర తిరుగుతాయి. ఈ పనికి ఎక్కువగా వాడే డీ5 రకం పంపుకు నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటకూడదు. కర్నూలు ఎండలో మనకు మిగిలే వెసులుబాటు ఆ పది డిగ్రీలే. కూలరు పద్ధతిలో నీళ్లను ఆవిరి చేస్తే ఇంకా దిగవచ్చు. మన గాలి పొడిగాలి. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 24 దగ్గర నిలుస్తుంది. 350 వాట్ల వేడి పోవడానికి గంటకు అర లీటరు నీళ్లు ఆవిరైతే చాలు. అయితే మా బోరు నీళ్లు ఆవిరైన చోటల్లా తెల్లటి ఉప్పు పొర కడుతుంది. రేడియేటరు రెక్కల మధ్య అది పేరుకుంటే గాలి దూరదు. ఆ ఆలోచన మానుకున్నాను.

ఇక కరెంటు సంగతి. పంపుకు వేరే సప్లై ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. దానికి కారణం మొదటిసారి నీళ్లు నింపే రోజున కనబడుతుంది. ఈ పంపు బేరింగు అందులో పారే నీళ్లతోనే నునుపుగా తిరుగుతుంది, ఆ నీళ్లతోనే చల్లబడుతుంది. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటరుదీ ఇదే స్వభావం. నీళ్లు లేకుండా తిప్పితే పాడవుతుంది. పైగా దానంతట అది నీళ్లు పీల్చుకోలేదు. బావి మీది మోటరుకు ముందు బిందెతో నీళ్లు పోసి గాలి తీసినట్టే దీనికీ నీళ్లందించాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ కంప్యూటరు బోర్డులో చుక్క కరెంటు ఉండకూడదు. పంపు తిరగాలి, కంప్యూటరు చచ్చినట్టు పడి ఉండాలి. సప్లై వేరుగా ఉంటే అది తేలిగ్గా కుదురుతుంది.

అటక మీదనుంచి పాత కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్, అంటే దానికి కరెంటిచ్చే పెట్టె, దించాను. దాని పెద్ద ప్లగ్గులో 24 కన్నాలుంటాయి. వైర్ల గుంపులో ఆకుపచ్చది ఒక్కటే. మామూలుగా బోర్డు ఆ వైరును నల్ల వైరుకు కలిపి "లే" అని చెబుతుంది. బోర్డు లేదు కనుక ఆ మాట మనమే చెప్పాలి. గోడ ప్లగ్గు తీసేసి, చిన్న రాగి తీగను యూ ఆకారంలో వంచి ఒక కొన ఆకుపచ్చ వైరు కన్నంలో, రెండోది పక్కనున్న నల్ల వైరు కన్నంలో గుచ్చాను. స్విచ్చి వేయగానే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరిగింది. పసుపు, నల్ల వైర్ల మధ్య 12 వోల్టులు వచ్చాయి. పంపు గరగరమంటూ గాలి మింగింది. డబ్బాలో నీళ్లు గబగబా దిగిపోయాయి. వెంటనే ఆపాను. మళ్లీ నింపాను, మళ్లీ వేశాను. ఎనిమిదో సారికో తొమ్మిదో సారికో గరగర పోయి సన్నటి గుయ్‌మనే చప్పుడు మిగిలింది. ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం పరిచి రాత్రంతా పంపు ఒక్కదాన్నే నడిపాను. పొద్దున చూస్తే గ్రాఫిక్స్ కార్డు దగ్గర కాగితం తడిసి ఉంది. ఒక జాయింటు అరచుట్టు వదులుగా ఉండిపోయింది. బోర్డుకు కరెంటు లేదు కాబట్టి పోయిందేమీ లేదు. బిగించి, పూర్తిగా ఆరబెట్టి, ఇంకో రోజు నడిపాను. నీళ్ల మాటకొస్తే, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరు నీళ్లు పొరపాటున కూడా పోయొద్దు.

తర్వాత ఆ బరువైన ఎస్‌ఎంపీఎస్ తీసేసి, సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టుల 5 ఆంప్స్ సప్లై పెట్టాను. పంపుకు ఎక్కువలో ఎక్కువ 23 వాట్లు, ఫ్యాన్లకు ఎనిమిది. సప్లై 60 వాట్లది. లెక్క సరిపోయింది. దాన్ని వరండా ప్లగ్గులో పెట్టి హాయిగా ఉన్నాను.

మేలో ఒక సాయంత్రం రెండరింగ్ పెట్టి అన్నానికి కిందికి దిగాను. కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది, లైట్లు ఆరలేదు, తల మీద ఫ్యాను ఆగలేదు. కరెంటు పోయిన సంగతే ఇంట్లో ఎవరికీ పట్టలేదు. మా ఇంట్లో ఇన్వర్టరు లైను గదులకే ఉంది, వరండా ప్లగ్గు నేరుగా వీధి కరెంటు మీద ఉంది. పైన కంప్యూటరు పని చేస్తూనే ఉంది, బయట పంపు ఆగిపోయింది. ఒక లీటరు నీళ్లు 350 వాట్ల వేడి తాగితే పన్నెండు సెకన్లకు ఒక డిగ్రీ పెరుగుతాయి. అదీ నీళ్లు కదులుతుంటేనే. పంపు ఆగితే చిప్పు మీది బ్లాకులో నిలిచిన నాలుగు చెంచాల నీళ్లే ఆ వేడంతా మోయాలి. నేను పైకి వెళ్లేసరికి తెర నల్లగా ఉంది. ఈ కాలపు ప్రాసెసరు నూరు డిగ్రీల దగ్గరికి చేరితే ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ వేడి తగ్గకపోతే తనను తాను ఆపుకుంటుంది. అందుకే బతికింది. బ్లాకు దగ్గర పైపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పైపు మెత్తబడి జాయింటు మీద కొద్దిగా జారి ఉంది. ఇంకో పావు అంగుళం జారితే నీళ్లన్నీ కార్డు మీదికే వచ్చేవి.

మర్నాడు చిన్నాయన షాపుకు వెళ్లి చెప్పాను. చేతిలో వైండింగ్ తీగ వదలకుండానే, "కంప్యూటరేమో ఇన్వర్టరు మీద పెడ్తివి, మోటరేమో లైను మీద పెడ్తివి. రెండిటికీ యాడ కుదురుతాదప్పా?" అన్నారు. తర్వాత గోడకున్న స్టార్టరు డబ్బా చూపించారు. రైతు బోరులోకి తొంగి చూడలేడు. డబ్బా మీద ఆంప్స్ మీటరు ముల్లు చూస్తాడు. ముల్లు పడిపోయిందంటే కింద నీళ్లు తగ్గినట్టు. అది చూసే మనిషి రాత్రిపూట పొలంలో ఉండడు కనుకనే డ్రై రన్ ప్రివెంటర్ వచ్చింది. నీళ్లు లేవని అదే కనిపెట్టి మోటరును ఆపుతుంది. అది లేక కాలిన మోటర్లతోనే తన షాపు నడుస్తోందని ఆయన చెప్పారు.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదానికి మూలం కూడా పంపుల కరెంటులోనే ఉంది. భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు ఆగిపోయాయి. కానీ ఇంధనంలో వేడి ఆగలేదు. సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి, చల్లబరిచే పంపులకు కరెంటు లేకపోయింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది.

ఇప్పుడు నా ఏర్పాటు ఇలా ఉంది. పంపు సప్లై వేరేదే, కానీ కంప్యూటరు ఉన్న ఇన్వర్టరు లైను మీదికి మార్చాను. మధ్యలో 12 వోల్టుల రిలే పెట్టాను. దాని కాయిలుకు కంప్యూటరు పసుపు వైరునుంచి కరెంటు వస్తుంది, కాబట్టి కంప్యూటరు వేస్తే పంపు తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. పంపు ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పే సన్న వైరు ఒకటుంటుంది. దాన్ని బోర్డు మీది సీపీయూ ఫ్యాను పిన్నుకు ఇచ్చాను. రెండు సప్లైల నల్ల వైర్లూ కలిపితేనే ఆ లెక్క బోర్డుకు అందుతుంది. లెక్క సున్నాకు పడితే ఒక చిన్న ప్రోగ్రాం కంప్యూటరును మూసేస్తుంది. నాకు అదే ఆంప్స్ మీటరు, అదే ప్రివెంటరు.

కూలరు మోటరు చాలదా అని కాలేజీ పిల్లలు అడుగుతున్నారు. తక్కువ ధరకు దొరుకుతుంది, నిజమే. కానీ అందులోకి వచ్చేది 230 వోల్టులు. దాని సీలు పోతే ఆ కరెంటు నీళ్లలోనుంచి రాగి బ్లాకు దాకా వస్తుంది. దయచేసి వద్దు, 12 వోల్టుల పంపే కొనుక్కోండి.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. కంప్యూటరు నడుస్తుండగా, మీరు పక్కనే నిలబడి, పంపు ప్లగ్గు పీకండి. నిమిషంలోపు కంప్యూటరు దానంతట అది ఆగకపోతే వెంటనే మీరే ఆపేయండి. అది సరిచేసేదాకా దాన్ని ఒంటరిగా వదిలి నిద్రపోకండి.