ఉంగరాల జుట్టుకి ఇస్త్రీ

మగపిల్లాడి జుట్టు గురించి ఒక వ్యాసమా అని మీరు నవ్వుకుంటే నేనేమీ అనుకోను. మూడు నెలల కిందటి దాకా నేనూ నవ్వేదాన్నే.

మా అబ్బాయి పధ్నాలుగు నెలలపాటు పెంచిన ఉంగరాల జుట్టుని ఒక ఆదివారం విశాఖపట్నం వెళ్ళి తిన్నగా సాపు చేయించుకుని, రాత్రి అనకాపల్లిలో బస్సు దిగి ఇంటికొచ్చాడు. తలుపు తీసిన నాకు ఒక్క క్షణం ఎవరో పరాయి కుర్రాడు అనిపించింది. "ఎలా ఉందమ్మా?" అన్నాడు. "బాగుంది" అన్నాను. అబద్ధమే. వాడి మెడ వెనకాల చుట్టుకుని ఉండే ఆ రెండు రింగులూ మా మావగారివి. ఆయన పోయి పదేళ్ళయింది.

"ఇప్పటి ఫ్యాషను, మనకెందుకు?" అన్నారు మావారు. నిజమే. కానీ ఫ్యాషనయినా ఎక్కడో ఒక బొమ్మని చూసే కదా పుడుతుంది! మగవాడి అందం అనగానే మన కళ్ళకి కట్టే ఆ బొమ్మ ఎప్పుడు మారిందా అని నాకు చేతనైనంతలో వెనక్కి వెతికాను.

భాగవతంలో భీష్ముడు అంపశయ్య మీద పడుకుని కడసారిగా కృష్ణుణ్ణి తలచుకుంటాడు. పోతన గారు ఆ ముసలాయనకి కనిపింపజేసిన కృష్ణుడు అప్పుడే తలంటుకుని సాంబ్రాణి పొగ వేయించుకున్నవాడు కాదు. నల్లని ముంగురులు మొహం చుట్టూ చెదిరి ఉంటాయి, వాటి మీద గుర్రాల డెక్కలు రేపిన దుమ్ము ఉంటుంది. యుద్ధంలో రథం తోలుతున్న మగవాడి జుట్టు అది, రేగిపోయిన ఉంగరాల జుట్టు. చావబోయే మనిషికి కళ్ళారా చూడాలనిపించినంత అందం అందులో ఉంది. ఆ ఘట్టం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గాని, ఆ దుమ్ము సంగతి మాత్రం ఈ మధ్యనే నా మనసుకెక్కింది. (సంస్కృతంలో అలక అంటే చుట్టలు తిరిగిన ముంగురు. తెలుగులో అలకంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండూ దువ్వితే లొంగేవి కావు.)

అమరావతి, నాగార్జునకొండ బుద్ధుడి తల చూడండి. రాతిలో కూడా ఆ చిన్న చిన్న చుట్టలన్నీ ఓపికగా చెక్కారు, కుడివైపుకి తిరిగినట్టు. మా ఊరి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ మీద కూడా గుహల్లో బుద్ధులున్నారు. వానకీ గాలికీ వాళ్ళు చాలా అరిగిపోయారు పాపం.

తరవాతి కాలానికి వస్తే, మెడదాకా వేలాడే మగవాళ్ళ జుట్టుకి గిరజాలని ఒక ప్రత్యేకమైన మాటే ఉంది మనకి. మా అమ్మ తరం వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన వాళ్ళెవరినైనా అడగండి. కథానాయకుడికి కారున్నా లేకపోయినా నుదుటి మీద పడే నొక్కుల జుట్టు మాత్రం తప్పకుండా ఉండేది. కథానాయిక దాన్ని వెనక్కి తోయాలనుకుని చెయ్యి ఆపుకునే ఘట్టం కోసం మనం వచ్చేవారం దాకా ఎదురు చూడలేదూ?

మరి ఆ నొక్కులు ఎక్కడికి పోయాయి? నా మట్టుకు నాకు తోచింది చెబుతాను, కాదంటే కాదనండి. సినిమా ఆడపిల్లలకి వాళ్ళ జుట్టుని తిరిగి ఇచ్చింది. 2011లో 'అలా మొదలైంది'లో నిత్యామీనన్, 2017లో 'ఫిదా'లో సాయిపల్లవి వాళ్ళ జుట్టు ఎలా ఉందో అలాగే తెర మీదికి వచ్చారు. ఆ తరవాత మా వీధి ఆడపిల్లలు కొందరు జడ విప్పుకుని ధైర్యంగా తిరిగారు. మగపిల్లల దగ్గరికి వచ్చేసరికి లెక్క వేరు. 2021లో 'పుష్ప' వచ్చింది. అల్లు అర్జున్ తల నిండా రేగిన ఒత్తయిన జుట్టు. పిల్లలు వెర్రెత్తిపోయారు, కాదనను. కానీ ఆ జుట్టు ఎవరికిచ్చారు? అడవిలో ఎర్రచందనం దుంగలు మోసే కూలివాడికి, స్మగ్లరుకి. అమెరికా ఉద్యోగం కుర్రాడనగానే మన సినిమాలో తల సాధారణంగా నున్నగా ఉంటుంది. అంటే చింపిరి తలేమో మొరటుతనానికీ, సాపు తలేమో జీతానికీ అన్నమాట! ఇది రాసినవాళ్ళ సోమరితనం అంటాను నేను. పోతన గారి కృష్ణుడు సాక్షాత్తూ గీత చెప్పినవాడు, ఆయన తల దుమ్ము కొట్టుకుని ఉంది మరి.

ఇంతకీ ఆ ఇస్త్రీ ఏమిటో తెలుసుకుందామని కొంత చదివాను. వెంట్రుక మొలిచే కుదురే వంకరగా ఉంటుందట, అందుకని వెంట్రుక చుట్టుకుంటుందట. వేడి పలకల మధ్య నొక్కితే పైపై బంధాలు మాత్రం విడిపోయి తిన్నగా అవుతుంది. చెమ్మ తగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. మా ఊళ్ళో ముసురు పట్టిన రోజున బెల్లం దిమ్మ ఎలా చెమ్మగిల్లుతుందో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? చెమ్మకి కూడా లొంగకుండా నిలవాలంటే రసాయనాలు పూయాలి. అలాంటి కొన్ని మందులు వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది మనుషులకి క్యాన్సర్ కారకమని 2004లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. పోనీ ఇంత చేసినా కుదురు మారదు. నెలకి సుమారు సెంటీమీటరు చొప్పున లోపలినుంచి మళ్ళీ ఉంగరాలే వస్తాయి.

మాల్కం ఎక్స్ ఆత్మకథ 1965లో అచ్చయింది. కుర్రతనంలో తన జుట్టు తెల్లవాళ్ళ జుట్టులా తిన్నగా ఉండాలని, కాస్టిక్ సోడా, బంగాళాదుంపలు, కోడిగుడ్లు కలిపిన ముద్ద తలకి పట్టించి మాడు మండుతుంటే ఓర్చుకున్న సంగతి ఆయన అందులో రాశాడు. పెద్దయ్యాక దానికి సిగ్గుపడ్డాడు. మా వాడి కథ అంత పెద్దది కాదు, వాడి వెనక బానిసత్వపు చరిత్ర లేదు. అయినా చదువుతుంటే ఒక ప్రశ్న వచ్చింది. ఆ కుర్రాడికి తన జుట్టు బాగుండదని చెప్పింది ఒక లోకం. మరి మా వాడికి చెప్పిందెవరు?

సినిమా మీదికి తోసేసి ఊరుకుందామనుకున్నాను. కుదరలేదు. వాడు మూడో తరగతిలో ఉండగా "ఆ పిచ్చుకగూడు ఏమిటి, అణిచి దువ్వి పంపండి" అని బడిలో ఒక మేష్టారు అంటే, మర్నాటి నుంచీ చేతినిండా కొబ్బరినూనె పోసి, పేను దువ్వెనలా సన్నపళ్ళున్న దువ్వెనతో వాడు ఏడుస్తున్నా వినకుండా నెత్తికి అంటించి పంపింది నేను. ఏళ్ళ తరబడి పంపాను. ఫోటో తీయించే రోజున ఇంకో గరిటెడు. ఉంగరాల జుట్టుని పొడిగా దువ్వకూడదని, తడిగా ఉన్నప్పుడు వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి విడదీసుకుంటూ రావాలని అప్పుడు నాకెవరు చెప్పారు? పెంచడం మొదలెట్టిన కొన్ని నెలలు అది కిందికి దిగకుండా గొడుగులా పైకి లేస్తుందని, బరువు పడ్డాకే వాలుతుందని కూడా తెలియదు. తెలియక, పోయినేడు వాడు ఆ గొడుగు దశలో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళలో చుట్టాల ముందు నేనే వేళాకోళం చేశాను. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

విశాఖపట్నంలో ఆ కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టినవాళ్ళలో నేను మొదటిదాన్ని.

ఇప్పుడు మూడు నెలలయింది. పాపిట దగ్గర ఒక అంగుళం పైన లేచింది, గిర్రున చుట్టుకుంటోంది. కిందంతా తిన్నగా, పైన ఉంగరాలు, చూడ్డానికి ఎబ్బెట్టుగానే ఉంది, ఒప్పుకుంటాను. మళ్ళీ చేయించుకోవాలంటే వేలల్లో డబ్బు. మొన్న శనివారం వాడు అరుగు మీద కూర్చుని ఫోనులో తన తల తనే చూసుకుంటుంటే నూనె గిన్నె పట్టుకుని వెళ్ళాను.

"నూనె రాయనా?" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు.

"రాయమ్మా, కానీ అణిచి దువ్వకు" అన్నాడు.