నానీ ఎందుకు చదువుకుంది?

నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో ఒక వాక్యం ఉంది. ముస్లిం ఆడపిల్లల మతవిద్య గురించి ‘అర్థం తెలియని చదువు, అణకువ నేర్పే చదువు’ అని రాశాను. వైవాలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ వాక్యాన్ని నాచేత మళ్ళీ చదివించింది కళింగపట్నంలో ఉండే మా నానీ, అమ్మ వాళ్ళమ్మ.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబం మాది. నాకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే ఆనవాయితీ ప్రకారం బిస్మిల్లా చేసి మొదటి అక్షరం పలికించారు. పగలు సర్కారు బడి, సాయంత్రం ఖాయిదా పట్టుకుని మక్తబ్. పన్నెండో ఏట నాజిరా, అంటే ఖురాన్‌ని చూసి చదవడం, పూర్తయింది. మిఠాయిలు పంచారు. ఒక్క ఆయత్‌కీ అర్థం చెప్పినవాళ్ళు లేరు. పైగా మర్నాటి నుంచి మక్తబ్ మాన్పించేశారు. నా వాక్యంలోని కోపం అక్కడిది.

కిందటేడు నానీ పెట్టె సర్దుతుంటే ఆమెకి జహేజ్‌లో ఇచ్చిన ‘బిహిష్తీ జేవర్’ దొరికింది. అష్రఫ్ అలీ థానవీ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఆడవాళ్ళ కోసం ఉర్దూలో రాసిన పుస్తకం అది. దాని మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. భర్తకి విధేయంగా ఉండమని చెప్పే చోట్లన్నీ అందులో ఏరి పెట్టాను. నానీ ప్రతిలో ఆ పేజీలు దాదాపు కొత్తగా ఉన్నాయి. నలిగి అంచులు చిరిగినవి వేరే ఉన్నాయి. అవి చనిపోయినవారికి స్నానం చేయించడం, కఫన్ తొడగడం గురించినవి.

ఇవే ఎందుకు చదివావని అడిగాను. నానీ నన్ను వింతగా చూసి, “మనోళ్ళు ఏటిమందున్నారే ఈ ఊర్లో? ఆడమనిషి సచ్చిపోతే పరాయి మగోలు ముట్టుకోరు కదా. నాను నేర్చుకోకపోతే ఎవులు కడుగుతారు?” అంది.

ఈ జవాబు నా ఏ అధ్యాయంలోనూ లేదు. ఇంటికొచ్చి నా పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. నజీర్ అహ్మద్ 1869లో రాసిన ‘మిరాతుల్ ఉరూస్’ నవలలో అస్గరీ చదువుకున్న పిల్ల. ఆ చదువు ఎందుకు? సంసారం పొదుపుగా నడపడానికి. థానవీకి చదువు దీన్ సరిగ్గా తెలియడానికి, ఇల్లు దారిలో ఉండడానికి. ‘బిహిష్తీ జేవర్’లో కొంత భాగాన్ని 1990లో ఇంగ్లీషులోకి తెచ్చిన బార్బరా మెట్కాఫ్ ఒక మాట గుర్తు చేసింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా మతజ్ఞానం అందుతుందని థానవీ నమ్మాడని. దాన్ని నేను పాదసూచికలోకి నెట్టేశాను. నా వాదనకి అడ్డొచ్చింది మరి.

కైరోలో మసీదుల్లో మతపాఠాలు నేర్చుకునే స్త్రీల మీద సబా మహమూద్ 2005లో ‘పాలిటిక్స్ ఆఫ్ పయిటీ’ రాసింది. ఆ స్త్రీల కోరికని స్వేచ్ఛ, అణచివేత అనే రెండు గంపల్లోనే వెయ్యాలని చూడొద్దని మనల్ని హెచ్చరించింది. ఆమె పుస్తకంలో భక్తి తనను తాను మలుచుకునే సాధన. మా నానీకి అది సాధనే కాదు, ఇరుగుపొరుగు పని కూడా. చదువు ఆమెని ఊరికి అవసరమైన మనిషిని చేసింది.

తెలుగులో ‘జల్‌జలా’ (1998), ‘వతన్’ (2004), షాజహానా ‘నఖాబ్’ (2005) ముస్లిం ఇంటి లోపలి మాటని మన ముందుకు తెచ్చాయి. విమర్శకులం మనం వాటిలో పేదరికాన్ని, అవమానాన్ని, పరదాని వెతికాం. చదువుకోవాలన్న కోరికని వెతికామా? నేను వెతకలేదు.

బయట మాట మరోలా ఉంటుంది. ముస్లింలంటే మదర్సా, మదర్సా అంటే అనుమానం. 2006లో సచార్ కమిటీ, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి వెళ్ళేది 3 శాతమేనని తేల్చింది. మదర్సానీ, బడికి వెళ్తూనే పూటకో గంట చదువుకునే మక్తబ్‌నీ కలిపి చూడొద్దని కూడా చెప్పింది. మా సాయంత్రాలు ఆ రెండో రకానివి.

కుటుంబాలు పిల్లల్ని పంపడానికి కారణాలూ ఒకటి కాదు. సవాబ్ ఒకటి. అమ్మానాన్నల సమాధి దగ్గర యాసీన్ చదివే గొంతు ఒకటి ఉండాలన్న ఆశ ఒకటి. పేదింటి అబ్బాయికి రెసిడెన్షియల్ మదర్సాలో తిండీ పడకా దొరుకుతాయి. హాఫిజ్ అయితే రంజాన్‌లో తరావీహ్ చదివించే గౌరవమూ దక్కుతుంది. ఆడపిల్లకైతే పెళ్ళిచూపుల్లో ‘ఖురాన్ చదివిందా?’ అన్న ప్రశ్న కాచుకుని ఉంటుంది. ఆలిమా కోర్సు పేరు చెప్తే తప్ప హాస్టల్‌కి పంపని ఇళ్ళున్నాయి. అక్కడ పిల్ల కోరుకున్నది దీన్‌నా, ఇల్లు దాటడాన్నా? రెండూ కావచ్చు. ఆ రెండింటినీ విడదీయమని అడిగే హక్కు నాకుందా అన్నది ఇప్పుడు నన్ను నేనే అడుగుతున్న ప్రశ్న.

ఇదంతా చెప్పి మక్తబ్‌ని మెచ్చుకుని ఊరుకోలేను. మొదటి వహీ ‘ఇక్రా’తో, చదువు అన్న ఆజ్ఞతో మొదలైందని గర్వంగా చెప్పుకుంటాం. మరి ఆడపిల్లకి ఆ ఆజ్ఞ పన్నెండో ఏటే ఎందుకు ఆగిపోతుంది? కలకత్తాలో 1911లో ముస్లిం బాలికల బడి నడిపిన రొకేయా, అర్థం తెలియకుండా చిలకలా వల్లించడాన్ని అప్పుడే విమర్శించింది. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున. ఆ నది సముద్రంలో కలిసేది మా కళింగపట్నం దగ్గరే. చిలుకూరి నారాయణరావు 1925లోనే ఖురాన్‌ని తెలుగు చేశారు. ఆ తర్వాత మరికొన్ని అనువాదాలొచ్చాయి. అయినా నా చిన్నతనంలో ఒక్కటీ మా మక్తబ్ గడప తొక్కలేదు.

థీసిస్ పుస్తకంగా వేద్దామంటున్నారు. ఆ వాక్యంలో సగం ఉంచుతాను, సగం కొట్టేస్తాను. ‘అర్థం తెలియని చదువు’ అన్నది నా అనుభవం, అది ఉంటుంది. ‘అణకువ నేర్పే చదువు’ అన్నది నానీని అడక్కుండా రాసింది, అది పోతుంది.

మొన్న వెళ్ళినప్పుడు నానీ ఆ నలిగిన పేజీలు ఉర్దూలో చదివింది, నేను తెలుగులో రాసుకున్నాను. మధ్యలో ఆగి, “రాసుకుంటే సరిపోదే, చెయ్యాల కూడా. రేపు నన్ను కడగాల్సింది నువ్వే” అంది. ఈసారి ఎవరింట్లోనైనా అవసరం పడితే నన్నూ వెంట తీసుకెళ్తానంది. సరేనన్నాను.