ముందు చోటు, తర్వాత విమానం

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే విమానం ఎగరేసుకోవడానికి ఖాళీ జాగా ఎంత అరుదో తెలిసిపోతుంది. కొంత దూరం జామాయిల్ తోటలు, కొంత దూరం టేకు, మద్ది, ఇప్ప. మిగిలిన చోట్ల పత్తి, మిరప. యూట్యూబ్‌లో ఎవరో విదేశీ కుర్రాడు నున్నటి గడ్డి రన్‌వే మీద ఎగరేసే పెద్ద విమానాన్ని చూసి ఆర్డరు పెట్టేవాళ్ళకు ఈ సంగతి పార్సిల్ విప్పాక గానీ తట్టదు. రిమోట్ విమానంతో పల్టీలు కొట్టించాలని ముచ్చటపడే ఈ ప్రాంతపు వాళ్ళు ముందు చోటు వెతుక్కుని, దానికి తగ్గ విమానం తర్వాత కొనుక్కోవాలి.

రేడియోతో నడిచే బొమ్మ విమానాలకు పెద్ద చరిత్రే ఉంది. 1937లోనే వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అమెరికన్ కవలలు 'బిగ్ గఫ్' అనే విమానాన్ని రేడియోతో నడిపించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ విద్య బాల్సా కర్ర చుట్టూనే తిరిగింది. నెలల తరబడి చేసుకున్న విమానం ఒక్క పొరపాటుతో పుల్లలైపోయేది. ఫోమ్ వచ్చాకే మామూలు మనిషి ధైర్యంగా తలకిందుల విన్యాసాలకు దిగాడు.

ఫోములన్నీ ఒకలా ఉండవు. టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోల్ ముక్కను గోటితో నొక్కండి. గుంట అలాగే ఉండిపోతుంది, వంచితే పూసలు రాలుతూ విరుగుతుంది. ఈపీపీ అనే ఫోమ్ ముక్కను అలాగే నొక్కితే గుంట మెల్లగా పూడుకుంటుంది, వంచి వదిలితే మళ్ళీ నిటారవుతుంది. కంపెనీల నుంచి వచ్చే నున్నటి, అందమైన విమానాలు ఎక్కువగా ఈపీఓ అనే మరో ఫోమ్‌వి. గట్టిగా తగిలితే విరుగుతాయి, కాకపోతే చక్కగా అతుకుతాయి. డెప్రాన్ అనే ఫోమ్ షీటు తేలికే గానీ పెళుసు. మామూలు ఫెవిక్విక్ థర్మోకోల్‌నీ డెప్రాన్‌నీ కరిగించేస్తుంది, ఈపీపీ జోలికి పోదు. మెత్తదనమే ఈపీపీకి లోపం. అందుకే రెక్క పొడవునా కార్బన్ కడ్డీ దిగేసి ఉందో లేదో చూడాలి. రెక్క కొసలు పట్టుకుని మెలిపెట్టినప్పుడు సులువుగా తిరిగిపోతే ఆ విమానం గాల్లోనూ మాట వినదు.

ఇక ఆకారం. నేర్చుకునేవాళ్ళ విమానానికి రెక్క పైన ఉంటుంది, కొసలు కాస్త పైకి లేచి ఉంటాయి. చేతులు వదిలేసినా తనంతట తానే సర్దుకుంటుంది. ఆ మంచి గుణమే పల్టీలకు అడ్డు. పల్టీల విమానానికి రెక్క నడుమన ఉంటుంది, పైనా కిందా ఒకే వంపు. దానికి తలకిందులూ నిటారూ ఒక్కటే. మామూలు విమానంలో పది, పదిహేను డిగ్రీలు కదిలే తోక పలకలు ఇక్కడ నలభై దాకా వంగుతాయి. మోటారు లాగే బలం విమానం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లుండాలి. 400 గ్రాముల విమానాన్ని 600 గ్రాముల బలంతో లాగితే ముక్కు ఆకాశానికి పెట్టి గాల్లో తేలిగ్గా నిలబెట్టవచ్చు. బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు దగ్గరుండాలి. అది ఇంకా వెనక్కి పోతే కొత్తవాళ్ళ చేతికి లొంగదు.

నా ఓటు మాత్రం రెక్కలు 80, 90 సెంటీమీటర్లు మించని బల్లపరుపు ఈపీపీ విమానానికే. చూడ్డానికి అట్ట ముక్కలా ఉంటుంది, స్నేహితులు నవ్వుతారు. కానీ నెమ్మదిగా ఎగురుతుంది, బడి మైదానమంత జాగాలోనే తిరుగుతుంది, చెట్టుకు తగిలినా మళ్ళీ లేస్తుంది. వేసవిలో గోదావరి ఇసుక తిన్నెలు దీనికి భలే చోటు. చక్రాలు తీసేసి చేత్తో విసరాలి. దిగాక మోటారును ఊది, బ్రష్‌తో దులపాలి, లేకపోతే ఇసుకలోని నల్లటి ఇనుప రేణువులు లోపలి అయస్కాంతాలకు పట్టేసుకుంటాయి.

ఈ వైపు ఎండను తక్కువగా అంచనా వేయకూడదు. 15 డిగ్రీల చలి పొద్దుతో పోలిస్తే 45 డిగ్రీల మధ్యాహ్నం గాలి దాదాపు పది శాతం పలచన. రెక్కకూ ప్రొపెల్లర్‌కూ ఆ మేరకు పట్టు తగ్గుతుంది. గ్లూ గన్‌తో అతికించిన మోటారు పలక ఎండకు మెత్తబడి ఊడొస్తుంది, అక్కడ ఎపాక్సీ వాడాలి. పొద్దున్నే, గాలి లేవకముందే ఎగరేసుకోవడం ఉత్తమం. ఎండాకులు పరుచుకున్న అడవి అంచున మాత్రం వద్దే వద్దు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ కొంతసేపయ్యాకైనా అంటుకోగలదు. తునికాకు కోసే రోజుల్లో ఒక్క నిప్పురవ్వ చాలు.

2021 డ్రోన్ నిబంధనల్లో ఇలాంటి వినోద విమానాలకు టైప్ సర్టిఫికెట్ అడగరు. అయినా ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో, అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎర్ర జోన్లు చూసుకోవాలి. కిన్నెరసాని అభయారణ్యం, అశ్వాపురం భారజల కర్మాగారం దరిదాపులకు పోకూడదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మండలాల్లో ముందే పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి రావడం మంచిది. మిరప చేలకు డ్రోన్లతో మందు కొట్టే కాలమిది, చుట్టుపక్కల రైతులు రేటెంతని అడిగితే ఆశ్చర్యపోకండి.

అసలు కష్టం వేళ్ళకు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు ఎడమ కుడి అవుతుంది, తలకిందులైతే పైకి లేపడానికి రిమోట్ మీది కర్రను ముందుకు తోయాలి. బుర్ర ఆలోచించేలోపు వేళ్ళు ఆ పని చేసెయ్యాలి. ముందు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద, తర్వాత రెండు తాటిచెట్ల ఎత్తున సాధన చేయాలి. సాధనలో ప్రొపెల్లర్లు విరుగుతుంటాయి కాబట్టి ఒకేసారి అరడజను తెప్పించుకోండి. కొరియర్ వచ్చేదాకా విమానం గోడకు వేలాడాల్సిన పని ఉండదు.