లెవెల్ 1 చీర్‌లీడింగ్: నియమం వెనుక ఉన్న పడిపోవడం

2008లో ఐపీఎల్ మొదలయ్యాక మనకు చీర్‌లీడర్ అంటే బౌండరీ పక్కన పాంపాంలు ఊపే అమ్మాయే. అమెరికాలో ఆ పేరుకు అర్థం చాలా పెద్దది. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడవచ్చిన జనం చేత జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి నినాదాలు చేయించాడు. ఆ కేకల సంప్రదాయమే ఇవాళ రెండున్నర నిమిషాల పోటీ క్రీడ. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దానికి పూర్తి గుర్తింపు ఇచ్చింది.

ఈ క్రీడకు ప్రాణం స్టంట్. అంటే మనుషులు మనిషిని ఎత్తి నిలబెట్టే విన్యాసం. పైన నిలబడేది ఫ్లయర్, కింద మోసేవాళ్లు బేస్‌లు, కాపు కాసేది స్పాటర్. అమెరికాలో ఆల్‌స్టార్ జట్లకు, అంటే బడులవి కాక ప్రైవేటు జిమ్‌ల జట్లకు, నియమాలు రాసే యూఎస్‌ఏఎస్‌ఎఫ్ అనే సంస్థ ఈ విద్యను అంచెలుగా విడగొట్టింది. కొత్తవాళ్లది లెవెల్ 1. అక్కడ ఫ్లయర్‌ను గాల్లోకి విసరకూడదు, ఎత్తాక తలకిందులు చేయకూడదు, తిప్పితే పావు చుట్టు దాటకూడదు. ఇవి ఎవరికైనా అర్థమవుతాయి. చిక్కంతా ఎత్తు దగ్గరే వస్తుంది.

రెండు కాళ్ల మీద నిలబడే ఫ్లయర్‌ను ‘ప్రెప్’ స్థాయి వరకే ఎత్తవచ్చు. బేస్‌లు ఆమె పాదాలను తమ భుజాల దగ్గర పట్టుకుంటే అది ప్రెప్. చేతులు పూర్తిగా చాపి తలపైకి ఎత్తితే ఎక్స్‌టెండెడ్, అది లెవెల్ 1లో నిషిద్ధం. మరి బేస్‌లు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పైకి చాపితే? నేల నుంచి చూస్తే ఫ్లయర్ కిందికే వచ్చింది. అయినా అది ఎక్స్‌టెండెడ్ కిందే లెక్క. ఎత్తును కొలిచేది నేల నుంచి కాదు, బేస్ శరీరాన్ని బట్టి. ఎందుకంటే మోకాళ్ల మీద ఉన్న బేస్‌లు, ఫ్లయర్ ఒరిగితే అడుగు జరిపి ఆమె కిందికి చేరలేరు. ఈ సంగతి తెలిస్తే నియమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

ఆగిన భంగిమ ఒక్కటే చూస్తే చాలదు, అక్కడికి చేరిన దారినీ చూడాలి. మొదలూ చివరా ప్రెప్‌లోనే ఉన్నా, మధ్యలో ఫ్లయర్‌ను బేస్‌ల తలల మీదుగా దాటిస్తే తప్పే.

ఒంటికాలి స్టంట్ నడుము ఎత్తు వరకే. ప్రెప్‌లో చేయాలంటే నేల మీద నిలబడిన ఇంకొకరు ఫ్లయర్ చేయి పట్టుకోవాలి. ఆ ఇంకొకరు బేస్ కాకూడదు, స్పాటరూ కాకూడదు. పైగా ఫ్లయర్ ఆ స్టంట్‌లోకి వెళ్లక ముందే చేయి అందుకోవాలి. ఎత్తాక అందుకుంటే నియమం తప్పినట్టే, ఎందుకంటే ఒంటికాలి మీద తూలేది ఆ ఎక్కే క్షణంలోనే.

స్పాటర్ పని ఫ్లయర్ తల, మెడ, భుజాలు నేలకు తగలకుండా చూడడం. బేస్ మణికట్టునో ఫ్లయర్ చీలమండనో పట్టుకోవచ్చు, అసలు ముట్టుకోకుండానూ నిలబడవచ్చు. రెండు చేతులూ పాదం కింద పెడితే మాత్రం ఆ మనిషి స్పాటర్ కాదు. బరువు మోస్తున్న చేతులు పడిపోయే తలను అందుకోలేవు కదా. ఇద్దరు బేస్‌ల స్టంట్ నుంచి ఫ్లయర్‌ను ఒడిలోకి దించే క్రేడిల్‌లోనూ ఇదే సూత్రం: పట్టుకునేవాళ్లు ఇద్దరుండాలి, వాళ్లు కాక తలనూ భుజాలనూ కాసే చేయి వేరుగా ఉండాలి.

ఈ నియమాలన్నీ చూసేది ఒక్కటే: ఫ్లయర్ పడితే ఎటు పడుతుంది, అక్కడ ఖాళీ చేతులు ఎవరివి? లెవెల్ 1 విలువ కూడా ఇదే. కింద మోసేవాళ్ల ఒడుపు కుదిరాకే పైవాళ్ల ఎత్తు పెంచాలన్న క్రమశిక్షణ అందులో ఉంది. 2012లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ కూడా ఈ క్రీడలో శిక్షణ పొందిన కోచ్‌లు ఉండాలని, పిరమిడ్లు, స్టంట్లు గట్టి నేల మీద చేయించవద్దని సూచించింది.

సీజన్ మారితే నియమాల పుస్తకమూ మారవచ్చు, కాబట్టి కోచ్‌లు పాత ప్రతిని నమ్ముకోకూడదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని చీర్ జిమ్‌లో చేర్చే తెలుగు తల్లిదండ్రులు ఫీజు, యూనిఫాం సంగతి అడిగే ముందు సాధన ఒకసారి చూడండి. మీ అమ్మాయిని పైకి ఎత్తినప్పుడు స్పాటర్ చూపు ఆమె మీద లేకపోతే, ఆ జిమ్‌లో చేర్చకండి.