మిత్రులే కుటుంబమైన యిల్లు

అమెరికా దేశమున ఎన్.బి.సి. సంస్థవారు 1994 సెప్టెంబరు 22వ తేది మొదలు 2004 మే 6వ తేది వఱకు టెలివిజనులో ప్రదర్శించిన ‘ఫ్రెండ్స్’ అను హాస్యనాటకము పది భాగములుగా, 236 ప్రకరణములుగా నడచినది. డేవిడ్ క్రేన్, మార్తా కౌఫ్‌మన్ అనువారు దీని నిర్మాతలు. ప్రదర్శనము ముగిసి యిన్ని యేండ్లైనను పలుదేశములవారు దీనిని నేటికిని చూచుచునే యున్నారు. మన యిండ్లలోని యువతీయువకులును చూచుచున్నారు. పెద్దలలో కొందఱు దీనిని వట్టి పరిహాసమని త్రోసివేయుదురు. మఱికొందఱు పెండ్లికాని స్త్రీపురుషులు కలసిమెలసి యుండుట చూచి శంకింతురు. ఈ రెండును విమర్శ కానేరవు. నాటకము తాను పూనిన ప్రతిజ్ఞను ఎంతవఱకు చెల్లించుకొన్నదో పరీక్షించుటయే విమర్శకుని పని.

ఆ ప్రతిజ్ఞ మొదటి ప్రకరణముననే యున్నది. న్యూయార్కు నగరమునందలి యొక కాఫీ హోటలులోనికి రేచెల్ అను యువతి పెండ్లిదుస్తులతో పరుగెత్తుకొని వచ్చును. వరుడు దంతవైద్యుడు. కానుకలుంచిన గదిలో నొక పింగాణిపాత్రను చూచుచుండగా, ఆ పాత్రయందున్నంత మక్కువయైనను వరునియందు తనకు లేదని ఆమెకు తోచినదట. ఈ మాటకు ప్రేక్షకులు నవ్వుదురు గాని, నవ్వు వెనుక నున్న విషయము చిన్నది కాదు. వస్తువులను చూచి సంబంధమును మెచ్చుకొను ఆచారమెట్టిదో కట్నకానుకల నెఱిగిన మనకు వేఱుగా వివరింప నక్కఱలేదు. చిన్ననాటి చెలికత్తెయైన మానికా ఆమెకు తన యింట చోటిచ్చును. తండ్రి ద్రవ్యముతో నడచు క్రెడిట్ కార్డులను రేచెల్ మిత్రుల యెదుట కత్తెరతో త్రుంచివేయును. పిమ్మట ఆ కాఫీ హోటలులోనే వడ్డించు కొలువునకు కుదురును. స్త్రీ స్వార్జితముతో బ్రతుకుట యొకటి, రక్తబంధము లేనివారు కుటుంబమగుట యొకటి: ఈ రెండే నాటకము పూనిన ప్రతిజ్ఞలు.

మన సంస్కృతనాటకములలో హాస్యమునకు ముఖ్యుడు విదూషకు డొక్కడు. ఇందు ఆ వేషమును ఆర్గురును వంతులవారీగా ధరింతురు. చాండ్లరు ఎత్తిపొడుపుతోను, జోయి మందబుద్ధితోను, ఫీబీ వింతయూహలతోను, రాస్ పాండిత్యముతోను, మానికా శుభ్రతయందలి మితిమీరిన పట్టుదలతోను, రేచెల్ లోకానుభవము లేమితోను నవ్వింతురు. ఎవరును ఎల్లప్పుడు నాయకులు కారు. ఎవరును ఎల్లప్పుడు అపహాస్యపాత్రులు కారు. ఈ సమత తెరవెనుకకును వ్యాపించినది. ఆర్గురు నటులును జీతముల విషయమున వేఱువేఱుగా బేరమాడక కలసి నిలిచి, తుది రెండు భాగములకు ప్రకరణ మొక్కింటికి తలకు పది లక్షల డాలర్లు సమానముగా పొందిరి. నాటకమున చెప్పిన నీతిని నటులే నడపి చూపుట అరుదు.

నా మతమున దీనిలో శ్రేష్ఠమైనది 1995 అక్టోబరులో ప్రసారమైన యొక ప్రకరణము. ఆర్గురిలో మానికా, రాస్, చాండ్లరు లెస్సగా సంపాదించువారు. రేచెల్, ఫీబీ, జోయి లేమిలో నున్నవారు. మానికాకు పనిలో హెచ్చుపదవి వచ్చినందులకు అందఱును గొప్ప హోటలునకు పోవుదురు. లేనివారు మువ్వురును ధరలు చూచి అతిస్వల్పముగా తెప్పించుకొందురు. తుదకు బిల్లును అందఱికి సమానముగా పంచబోగా ఫీబీ అడ్డుపడును. పిమ్మట కలవారు లేనివారికి కూడ సంగీతసభకు టిక్కెట్లు కొని తెత్తురు. అది స్నేహముగా గాక దానముగా తోచి వారు నొచ్చుకొందురు. ఇచ్చినవారు దుర్బుద్ధితో ఇయ్యలేదు. నొచ్చుకొన్నవారు కృతఘ్నులు కారు. ఏ యింటనైనను, అన్నదమ్ముల నడుమనైనను జరుగునది యిదే. సమముగా పంచుట యెల్లప్పుడు సమత కాదని యింత తేలికగా, ఇంత నిక్కముగా చెప్పుట గొప్ప నేర్పు. మృచ్ఛకటికమున చారుదత్తుడు నిర్ధనుడైనను మైత్రేయుడు వానిని విడువడు, అది ఆదర్శము. ఇచ్చట మిత్రులు ఒకరినొకరు విడువకయే డబ్బుచేత నొగులుచున్నారు, ఇది అనుభవము. ఆ ప్రకరణాంతముననే మాంసపు వర్తకుడు పంపిన కానుకను స్వీకరించినదని మానికాను పనినుండి తొలగింతురు. కలవారికిని లేనివారికిని నడుమ నున్న గోడ యెంత పలుచనిదో అంతటితో తెలియును.

ఈ ధైర్యము 1996 జనవరిలో మరల కనబడినది. రాస్‌ను విడిచిన భార్య కెరొల్ సూజన్ అను స్త్రీని వివాహమాడును. కెరొల్ తల్లిదండ్రులు రాకపోగా రాస్ తన దుఃఖమును దిగమ్రింగి, తానే చేయూతయిచ్చి ఆమెను వివాహవేదికకు నడిపించును. ఆ ప్రకరణమును ప్రసారము చేయ నిరాకరించిన స్థానికకేంద్రములును కలవు. అట్టి నాటకమే స్త్రీవేషముతో జీవించు చాండ్లరు తండ్రిని పలుమార్లు ఎగతాళి చేయుట దాని హృదయవైశాల్యమునకు కళంకము.

లోపము లింకను కలవు. హోటలు వంటకత్తెయు, కాఫీ వడ్డించు పడుచును మన్‌హట్టనులో నంత విశాలమైన యింట నెట్లుందురని యడుగువారికి, అది మానికా అవ్వ పేరిట నున్న యిల్లనియు, అద్దెనియంత్రణచేత బాడుగ పెరుగలేదనియు నాటకము సమాధానము చెప్పును. తండ్రి కార్డులను త్రుంచి సంపాదించిన స్వాతంత్ర్యము అవ్వ యింటి నీడను నిలిచినదన్నమాట! అంతటి నగరమున నల్లజాతివారు ఈ కూటమికి చేరువ కాకపోవుట మఱియొక లోపము. బ్రూక్లినులోని నల్లజాతి మిత్రులను గూర్చి యెవెట్ లీ బౌసర్ అను స్త్రీ సృష్టించిన ‘లివింగ్ సింగిల్’ అంతకు ముందు సంవత్సరమే, 1993లో, ఫాక్స్ సంస్థలో ఆరంభమైనది. కనుక ఇతివృత్తము దొరకలేదనుటకు వీలు లేదు. మార్తా కౌఫ్‌మన్ 2022లో ఈ లోపమును బహిరంగముగా నంగీకరించి, ఆఫ్రికన్-అమెరికన్ విద్యల ఆచార్యపీఠమునకై బ్రాండైస్ విశ్వవిద్యాలయమునకు 40 లక్షల డాలర్లిచ్చుట ప్రశంసనీయము.

అన్నింటికంటె బాధించునది ముగింపు. వడ్డించు కొలువుతో మొదలిడి, వస్త్రవ్యాపారసంస్థలలో పైకి వచ్చిన రేచెల్‌కు పారిస్ నగరమున పదవి లభించును. ఆమె విమానమెక్కియు దిగి రాస్ కడకు తిరిగివచ్చును. ప్రేమను వరించుట తప్పు కాదు. వారికొక కుమార్తె యున్నది. రాస్‌కు మొదటి భార్యయందు కలిగిన కుమారుడును న్యూయార్కుననే యున్నాడు. ఈ కారణములను నిలిపి, ఇరువురును ఏమేమి వదలుకొనవలెనో తూచినచో ఆ ముగింపు గౌరవింపదగియుండును. నాటకమట్లు తూచలేదు. పదేండ్ల స్వయంకృషి యొక్క నిమిషమున ప్రక్కకు పోయినది. పెండ్లినుండి తప్పుకొని వచ్చిన నాడు ఆమె స్వాతంత్ర్యమును మెచ్చిన నాటకము, పదవినుండి తప్పుకొని వచ్చిన నాడు ఆమె ప్రేమను మెచ్చినది; ఆమె వదలుకొన్నదానికి సాటిగా అతడేమి వదలుకొనునని విచారింపలేదు.

కనుక రెండవ ప్రతిజ్ఞ నెరవేరినదనియు, మొదటిది సగముననే నిలిచినదనియు నా తీర్పు. మన పిల్లలును హైదరాబాదు, బెంగుళూరు నగరములలో గదులు పంచుకొని, అద్దెలు పంచుకొని బ్రతుకుచున్నారు. సెలవులకు వారు వచ్చినపుడు ఈ నాటకమును వలదనుటకంటె కలసి చూచుట మేలు. బిల్లు పంచుకొన్న ప్రకరణము పిమ్మట, వారి గదిలో ఎవరు తక్కువ తెచ్చుకొనుచున్నారో అడుగవచ్చును. విమానము దిగిన ప్రకరణము పిమ్మట, అట్టి పదవి తమ కుమార్తెకే వచ్చినచో తామేమి చెప్పుదురో తల్లిదండ్రులు తమ్ము తామే యడుగుకొనవలయును.